వచ్చిన తలంపుకు జవాబు చెప్పండి

(సంఘంలో జరిగిన కుటుంబ కూడికలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ వందనాలు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ చాపల మీద బోలెడు చోటుంది. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమా? అడగను, రండి.

అయ్యగారు నాకు ఇచ్చిన అంశం మనస్సు నూతనమవడం. రోమా పత్రిక 12వ అధ్యాయం, 2వ వచనం. "మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక..." చూశారా, నేను మొదలుపెట్టానో లేదో మీరు పూర్తి చేసేస్తున్నారు. సండే స్కూల్లో కంఠతా పట్టిన వచనం కదా. సరే. వచనం ఇంత బాగా వచ్చిన మనకు రాత్రి పదకొండు దాటాక ఏమవుతోంది? అది చెప్పండి.

లైటు ఆర్పుతాం. ప్రార్థన కూడా చేసుకుంటాం. ఆమెన్ అన్నాక మొదలవుతుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి రెండు రోజులుగా ఫోన్ చేయలేదు, ఉద్యోగం పోయిందేమో. కువైట్‌లో పనిచేస్తున్న అమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది, గొంతు అదోలా ఉంది, ఆ ఇంటివాళ్లు ఏమైనా అన్నారేమో. ఇంటర్ రిజల్ట్స్ వారంలో వస్తాయి, వీడు ఫెయిలైతే నలుగురిలో తలెత్తుకునేదెలా. మొన్న పెళ్లిలో పెద్దమ్మ కోడలు నన్ను చూసి నవ్వలేదు, మా గురించి ఏదో వినే ఉంటుంది. ఏం విని ఉంటుంది? ఎవరు చెప్పి ఉంటారు? అక్కడినుంచి మూడు తరాల లెక్కలు బయటికి తీస్తాం. అవునా కాదా? నవ్వుతున్నారంటే అవుననే.

అలాంటప్పుడు పక్కవాళ్లు ఇచ్చే సలహా ఒకటుంది. "ఎక్కువ ఆలోచించకు." ఈ సలహా ఇచ్చేవాళ్లను నేనొకటి అడగాలనుకుంటాను. మీరెప్పుడైనా అలా ఉండగలిగారా? వద్దనుకున్నదే ఇంకా గట్టిగా వస్తుంది కదా. ఇంకో సలహా ఈమధ్య రీల్స్‌లో ఎక్కువైంది. "పాజిటివ్‌గా ఆలోచించు, అంతా మంచే జరుగుతుంది." ఎవరు చెప్పారండీ అంతా మంచే జరుగుతుందని? బైబిల్ అయితే చెప్పలేదు. "లోకములో మీకు శ్రమ కలుగును" అని ప్రభువే శిష్యులతో అన్నాడు. ధైర్యం తెచ్చుకోమన్నది ఆ మాట చెప్పాక.

మరి పౌలు ఏం చెబుతున్నాడు? 2వ వచనం ఒక్కటే క్యాలెండర్ మీద వేసుకుంటాం కాబట్టి మనం దాని ముందూ వెనకా చూడం. ముందున్నది చూడండి. "దేవుని వాత్సల్యమునుబట్టి మిమ్మును బతిమాలుకొనుచున్నాను" అంటున్నాడు. పదకొండు అధ్యాయాల పాటు దేవుడు మనకు ఏం చేశాడో చెప్పి, ఆ తర్వాత 'కాబట్టి' అని మొదలుపెట్టాడు. మీ మనస్సు మారితే దేవుడు ప్రేమిస్తాడని ఆయన అనలేదు. ప్రేమించాడు, కాబట్టి మారండి అన్నాడు. ఈ వరస తిరగబడితే మన పని అయిపోయినట్టే. చెడ్డ తలంపు వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఇంకొకటి వస్తుంది, దేవుడు నన్ను వదిలేశాడేమోనని.

ఇక 3వ వచనం. నూతనమైన మనస్సుకు మొదట కావలసింది ఏమిటట? తన్ను తాను ఎంచుకోతగిన దానికంటే ఎక్కువగా ఎంచుకోకపోవడం. తర్వాత ఒకే శరీరంలో అనేక అవయవాలన్న మాట. ఆ తర్వాత ఆతిథ్యం, ఏడ్చేవారితో ఏడవడం. గమనించండి, గదిలో తలుపేసుకుని ఒక్కడివే కూర్చుని మనస్సు బాగుచేసుకో అని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. అంతా మనుషుల మధ్యే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. ఈజిప్టు ఎడారి, నాలుగో శతాబ్దం చివర. ఎవాగ్రియస్ అని ఒకాయన. కాన్‌స్టాంటినోపుల్ సంఘంలో మంచి పేరున్న పరిచారకుడు, మాటకారి. అక్కడ ఒక పెళ్లయిన స్త్రీ మీద మనసు పడి, ఆ చిక్కులోంచి బయటపడడానికి ఊరే వదిలేశాడు. యెరూషలేము వెళ్లి, అక్కడినుంచి ఈజిప్టు చేరాడు. కెల్లియా అనే చోట ఎడారి సన్యాసుల మధ్య ఒక గదిలో ఉంటూ 399లో చనిపోయాడు. ఆయన బోధలన్నీ సంఘం ఒప్పుకోలేదు, కొన్నింటిని తర్వాతి కాలంలో ఖండించింది కూడా. అది వేరే చర్చ, ఇవాళ వద్దు. మనకు కావలసింది ఏమిటంటే, ఈయన ఊరు వదిలాడు, ఉద్యోగం వదిలాడు. ఫోన్ లేదు, టీవీ లేదు, పెద్దమ్మ కోడలు లేదు. మరి తలంపులు ఆయన్ని వదిలాయా? వదల్లేదు. వెంటే వచ్చాయి.

ఆయన వాటిని కూర్చుని గమనించాడు. ఎనిమిది రకాలుగా విడదీశాడు. తిండి యావ, మోహం, డబ్బాశ, దుఃఖం, కోపం, విసుగు, మెప్పు కోసం ఆరాటం, గర్వం. ఏడు ఘోర పాపాలని తర్వాత వచ్చిన జాబితా ఉంది చూడండి, దానికి మూలం ఇదే. ముసలితనంలో చేతకాక, కరువొచ్చి, జబ్బు చేసి, ఒకరి దగ్గర చేయి చాచాల్సి వస్తుందేమో అన్న భయం ఉంటుందే, దాన్ని ఆయన డబ్బాశ కింద రాశాడు. మనమైతే దాన్ని ముందుజాగ్రత్త అంటాం!

విసుగు గురించి రాసింది మరీ బాగుంటుంది. అది పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు లోపల వస్తుందట. సూర్యుడు కదలడం లేదనిపిస్తుందట. పగలు యాభై గంటలున్నట్టు ఉంటుందట. సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు. బయటికొచ్చి, భోజనం వేళకు ఇంకెంత ఉందో సూర్యుణ్ణి చూస్తాడు. ఎవరైనా సోదరుడు వస్తున్నాడేమోనని అటూ ఇటూ చూస్తాడు. ఈ చోటు నచ్చదు, ఇంకెక్కడికైనా పోతే బాగుండనిపిస్తుంది. పదహారు వందల ఏళ్ల కిందటి మాట ఇది. ఆఫీసులో కూర్చుని పది నిమిషాలకోసారి ఫోన్ తీసి చూసే తమ్ముళ్లూ, మీ గురించే రాశాడాయన.

ఆయన చెప్పినదాని సారం ఇది. ఈ తలంపులు రావడం, రాకపోవడం మన చేతిలో లేదు. వచ్చినవి మనలో తిష్ఠ వేయడం, వేయకపోవడం మాత్రం మన చేతిలో ఉంది. గుమ్మం దాకా వచ్చిన ప్రతి మనిషికీ మంచం వేసి పడుకోబెడతామా? ఎవరు మీరు, ఏం పని మీద వచ్చారు అని అడుగుతాం కదా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఇది కొందరిని లోపల్లోపల నలిపేస్తోంది. ముఖ్యంగా బాగా భక్తిగా ఉండే పిల్లల్ని. ప్రార్థనలో ఉండగా దేవుని గురించి ఏదో పాడుమాట మనసులో మెదులుతుంది. ఇంకేముంది, పరిశుద్ధాత్మను దూషించేశాను, నాకిక క్షమాపణ లేదు అనుకుంటారు. క్షమించమని అడిగిందే అడుగుతారు, ఎన్నిసార్లు అడిగినా నమ్మకం కుదరదు. అమ్మా, తమ్ముడూ, వినండి. పరిశుద్ధాత్మను దూషిస్తే క్షమాపణ లేదన్న మాట ప్రభువు ఎవరితో అన్నాడు? మత్తయి 12 తీసి చదవండి. కళ్లెదుట ఒక మనిషి బాగుపడడం చూసి కూడా, ఇది దయ్యాల అధిపతి పని అని నోరారా అన్న పరిసయ్యులతో అన్నాడు. అలాంటి తలంపు వచ్చినందుకు దిండు తడిసేలా ఏడ్చేవాడికీ ఆ పరిసయ్యుడికీ ఎక్కడైనా పోలిక ఉందా? మీరు పిలిస్తే వచ్చింది కాదది. ఒకవేళ అది ఆగకుండా తిరుగుతూ రోజులో గంటలకు గంటలు తినేస్తుంటే, ఓసీడీ అనే జబ్బు కావచ్చు. దానికి చికిత్స ఉంది. డాక్టర్ సంగతి మళ్లీ చెబుతాను.

ఎవాగ్రియస్ ఒక పుస్తకం కూడా రాశాడు. గ్రీకులో రాశాడు గానీ మనకు సిరియాక్ అనువాదంలో మిగిలింది. ఆ ఎనిమిది రకాల కింద దాదాపు 500 చిన్న చిన్న జవాబులుంటాయి. ఇలాంటి తలంపు వస్తే ఈ వచనం చెప్పు, అలాంటిది వస్తే ఆ వచనం చెప్పు. అంతే పుస్తకమంతా. ఈ పద్ధతి ఎక్కడిది? మత్తయి 4వ అధ్యాయంలో, అరణ్యంలో ప్రభువు చేసింది ఇదే కదా. మూడుసార్లు శోధన వచ్చింది, మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచి జవాబు చెప్పాడు. శోధన రానట్టు నటించలేదు, చెవులు మూసుకోలేదు. విన్నాడు, జవాబిచ్చాడు.

అయితే అదే అధ్యాయంలో వచనం చెప్పినవాడు ఇంకొకడు కూడా ఉన్నాడు. ఎవరు? సాతాను. 91వ కీర్తన చెప్పాడు, మనందరికీ ఇష్టమైన కీర్తన. కాబట్టి వచనం నోటికి రావడం గొప్పేమీ కాదు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు తీస్తాం, మంచిదే, నేనూ తీస్తాను. నచ్చని వచనం వస్తే మెల్లగా లోపల పెట్టేసి ఇంకోటి తీసేవాళ్లనూ చూశాను, నవ్వకండి. ఆ కార్డు బీరువా అద్దానికి అంటించి, సంవత్సరమంతా దాని మాట వినకపోతే, తాయెత్తుకూ దానికీ తేడా ఏముంది?

ఇప్పుడు ఏలీయా దగ్గరికి రండి. మొదటి రాజులు 19. ఇవాళ నేను ఎక్కువసేపు ఉండాలనుకున్నది ఇక్కడే.

కర్మెలు పర్వతం మీద 450 మంది బయలు ప్రవక్తల ఎదుట ఒక్కడే నిలబడ్డ మనిషి. ఆకాశం నుంచి అగ్ని దిగింది. ఆ తర్వాత రాణి యెజెబెలు నుంచి ఒక్క కబురు వచ్చింది, రేపీపాటికి నీ ప్రాణం తీస్తానని. పరుగు తీశాడు. బెయేర్షెబా దాకా వచ్చి ఏం చేశాడో చూడండి, ఈ ముక్క మనం గబగబా చదివి దాటేస్తాం. దాసుణ్ణి అక్కడ వదిలేశాడు. తోడున్న ఒక్క మనిషినీ వదిలేసి, ఒంటరిగా ఒక రోజు ప్రయాణమంత అరణ్యంలోకి వెళ్లాడు. మనం చేసేదీ అదే కదా? మనసు బాగోలేనప్పుడు మొదట చేసే పని ఫోన్ ఎత్తకపోవడం. కూడికకు రాకపోవడం.

బదరీ వృక్షం కింద కూర్చుని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసేయి అన్నాడు. అన్నది ఎవరు? అవిశ్వాసి కాదు, పాపంలో పడినవాడు కాదు. ఏలీయా. అప్పుడు దేవుడు ఏం చేశాడు? గద్దించాడా? "ఇంత గొప్ప సేవకుడివి, ఇలా మాట్లాడొచ్చా" అన్నాడా? ప్రసంగం చేశాడా? దూతను పంపి, లేచి భోజనం చేయమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు దేవుడు! రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించింది అని. రాత్రి రెండింటి దాకా మేలుకుని, పొద్దున టిఫిన్ మానేసి, "నా ఆత్మీయ జీవితం ఎండిపోయింది బ్రదర్" అని వచ్చే పిల్లలకు నేను ముందు ఈ వచనమే చూపిస్తాను. వెళ్లి అన్నం తిని పడుకో, రేపు మాట్లాడుకుందాం.

హోరేబుకు వెళ్లాడు. ఏలీయా, ఇక్కడేం చేస్తున్నావు అని దేవుడు అడిగాడు. ఆయన చెప్పాడు, అందరూ నిబంధన వదిలేశారు, ప్రవక్తలను చంపేశారు, నేనొక్కడినే మిగిలాను. తర్వాత పెనుగాలి, భూకంపం, అగ్ని, చివరికి మెల్లని స్వరం. దేవుడు మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఏలీయా ఏమన్నాడు? 10వ వచనం, 14వ వచనం పక్కపక్కన పెట్టి చదవండి. అక్షరం మారలేదు. అంత దర్శనం చూశాక కూడా, నేనొక్కడినే. ఈ మాట మనకు ఓదార్పు కావాలి. పెద్ద కూడికలకు వెళ్తాం, మూడు రాత్రులు ఏడుస్తాం, సోమవారం పొద్దున అదే తలంపు అక్కడే కూర్చుని ఉంటుంది. ఏలీయాకూ ఉంది.

అసలు "నేనొక్కడినే" అన్నది నిజమా? ఒక అధ్యాయం వెనక్కి వెళ్లండి. రాజు ఇంటి అధికారి ఓబద్యా వచ్చి ఏం చెప్పాడు? యెహోవా ప్రవక్తలు నూరుగురిని యాభైమంది చొప్పున గుహల్లో దాచి అన్నం పెట్టాను అని ఏలీయా మొహం మీదే చెప్పాడు. విన్నాడు. కానీ గుర్తులేదు. ఎందుకు గుర్తులేదు? ఆ తలంపు గుర్తు రానివ్వలేదు. కుంగిన మనసు అబద్ధం ఊరికే చెప్పదండీ, సాక్ష్యాలన్నీ దాచిపెట్టి మరీ చెబుతుంది. "నన్నెవరూ పట్టించుకోరు" అనుకునే వేళకు, పోయిన నెల ఆస్పత్రిలో మన పక్కన రాత్రంతా కూర్చున్న మనిషి గుర్తుకు రాదు.

దేవుడు చివర్లో లెక్క సరిచేశాడు. బయలుకు మోకరించనివాళ్లు ఇశ్రాయేలులో ఏడు వేల మంది ఉన్నారు. అంతకుముందు పని చెప్పాడు, వెళ్లు, హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించు. ఎలీషా! దాసుణ్ణి వదిలేసి వచ్చిన మనిషికి తోడును ఇచ్చాడు. రోమా 12 గురించి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. తలంపు మారడానికి ఏలీయాకు దర్శనం ఒక్కటే సరిపోలేదు. తిండి, నిద్ర, నిజమైన లెక్క, చేతికి పని, పక్కన మనిషి, ఇన్ని కావలసి వచ్చాయి.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను, ఎవరికైనా కోపం వచ్చినా సరే. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి "నీకు ప్రార్థన తక్కువైంది" అనకండి. దయచేసి అనకండి. ఇంగ్లండ్ ప్రసంగీకుడు స్పర్జన్ పేరు మీరందరూ విన్నారు. 1856 అక్టోబరు 19న లండన్‌లో ఒక పెద్ద హాలులో ఆయన ప్రసంగానికి వేలమంది వచ్చారు. ఎవరో నిప్పంటుకుందని అరిచారు, నిప్పు లేదు ఏమీ లేదు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 22. ఆ దెబ్బ ఆయన మనసు మీద చాలా కాలం ఉంది, తర్వాత కూడా పదేపదే కుంగుబాటుతో బాధపడ్డాడు. తన దగ్గర చదువుకున్న సేవకులకు ఆ సంగతి దాచకుండా చెప్పాడు. ఆయనకు ప్రార్థన తక్కువైందా?

బీపీ మాత్ర వేసుకునేటప్పుడు మనకు విశ్వాసం అడ్డురాదు. షుగర్ మాత్రకూ రాదు. మనసుకు ఇచ్చిన మాత్ర దగ్గర మాత్రం "ప్రభువు చాలు" అంటూ మానేస్తాం. మానకండి, డాక్టర్‌ను అడక్కుండా అస్సలు మానకండి. ఇక చాలు అన్న ఏలీయా మాట మీలో ఎవరికైనా మనసులో తిరుగుతుంటే ఇవాళే ఒకరికి చెప్పండి. నాకు చెప్పండి, అమ్మగారికి చెప్పండి. మాకు చెప్పడం ఇష్టం లేకపోతే టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రాసుకోండి. 14416. మీకు అవసరం లేకపోయినా రాసుకోండి, పక్కింట్లో అవసరం ఉండొచ్చు.

సమయం అయిపోతోంది. ఫిలిప్పీ 4:8 ఒక్కటి చూసి ముగిస్తాను. ఏవి సత్యమైనవో, ఏవి మాన్యమైనవో, ఏవి న్యాయమైనవో అని పౌలు వరసగా చెబుతాడు. రాసింది ఎక్కడ కూర్చుని? బంధకాల్లో. ఆ వరసలో మొదటిది ఏది? సత్యమైనవి. రమ్యమైనవి తర్వాత ఎక్కడో వచ్చాయి. కాబట్టి రాత్రి పదకొండు దాటాక వచ్చిన తలంపును మొదట అడగాల్సింది ఇదే, నువ్వు నిజమా? అబ్బాయి ఉద్యోగం పోయిందన్నది నిజమా, నా ఊహా? రెండు రోజులు ఫోన్ చేయలేదు, ఇదొక్కటే నిజం. మిగతాదంతా నేను అల్లినది. ఆ నిజాన్ని 6వ వచనంలో చెప్పినట్టు దేవునికి పేరుపెట్టి చెప్పుకోండి, "ప్రభువా, వాడు ఫోన్ చేయలేదు, నాకు భయంగా ఉంది." వాడు ఫోన్ చేశాక నిజంగానే ఉద్యోగం పోయిందంటే? అప్పుడది సత్యం. అప్పుడు దాన్నే ప్రార్థనగా చెబుతాం, చేయగలిగిన సాయం చేస్తాం. వాట్సాప్ ఫార్వర్డ్‌లకు కూడా ఈ మొదటి ప్రశ్న వేస్తే సంఘం గ్రూపులో సగం మెసేజ్‌లు తగ్గుతాయి, అది వేరే సంగతి.

ఇదంతా లోపల్లోపల అనుకుంటే సరిపోదా అని ఒకరు అడిగారు. నా అనుభవంలో సరిపోదు. పైకి అనాలి. 42వ కీర్తనలో భక్తుడు అదే చేశాడు. మందిరానికి దూరంగా ఉన్నాడు, రాత్రింబగళ్లు కన్నీళ్లే ఆహారం, నీ దేవుడేడీ అని చుట్టూ ఉన్నవాళ్లు ఎగతాళి చేస్తున్నారు. అప్పుడు తన ప్రాణంతో తనే మాట్లాడాడు. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" మన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. త్యాగయ్య తన మనసును పిలిచి మందలిస్తూ ఎన్ని కీర్తనలు పాడలేదు? మనసు చెప్పింది వింటూ కూర్చోకుండా, మనసుకే ఎదురు ప్రశ్న వేయడం. అయితే ఈ భక్తుడు తనను తాను తిట్టుకోలేదు. ఏల క్రుంగియున్నావు అని అడిగాడు, దేవునియందు నిరీక్షణ ఉంచు అని చెప్పాడు. చెబితే కుదుటపడిందా? లేదు. ఆరేడు వచనాలు కాగానే మళ్లీ అదే అడగాల్సి వచ్చింది. 43వ కీర్తనలో మూడోసారి. మూడుసార్లూ అవే మాటలు. ఇవాళ చెప్పిన జవాబు రేపు మళ్లీ చెప్పాల్సి వస్తే దిగులు పడకండి, కీర్తనకారుడికే తప్పలేదు.

బైబిళ్లు తీయండి. ఫోన్‌లో చూసేవాళ్లు డేటా ఆపేయండి, లేకపోతే మధ్యలో నోటిఫికేషన్ వస్తుంది. 42:5 అక్కచెల్లెళ్లు చదవండి. 42:11 అన్నదమ్ములు. 43:5 అందరం కలిసి. గొణగొద్దు, వినబడేలా చదవండి. అయ్యాక ప్రార్థన కావలసినవాళ్లు పక్క గదిలో అమ్మగారి దగ్గరికి వెళ్లండి, మిగతావాళ్లకు బయట టీ ఉంది. ఊఁ, అక్కా, మీరు మొదలుపెట్టండి.